గల్ పక్షులు సముద్రం వదిలి డాబాల మీద కాపురం ఎందుకు పెడుతున్నాయి?

విభాగం: పక్షులు, పరిసరాలు

రేవుగాలి (సోమవారం, ఉదయం 7:12)

నమస్కారం. ఇన్నాళ్లూ ఈ వేదికలో చదవడమే తప్ప రాసింది లేదు. ఇదే మొదటిది, తప్పులుంటే సర్దుకోండి.

నేనుండేది ఒక రేవు పట్టణంలో. మా కిటికీకి ఎదురుగా నాలుగంతస్తుల ఆఫీసు భవనం ఉంది. చదునైన కప్పు, దాని మీద పరిచిన గులకరాళ్లు. నాలుగేళ్లుగా ఏప్రిల్ రాగానే ఒక హెర్రింగ్ గల్ (తెల్లటి ఒళ్లు, బూడిదరంగు వీపున్న పెద్ద సముద్రపు పక్షి) జంట అక్కడ దిగుతోంది. ప్రతిసారీ అదే మూల, అదే ఏసీ డబ్బా పక్కన. ఇరవై నిమిషాలు నడిస్తే సముద్రం, దాని ఒడ్డున నిటారుగా కొండచరియ. అక్కడ వెతికితే ఒక్క గూడు కనిపించలేదు.

ఇంకో వింత. పనిరోజుల్లో పదకొండు కొట్టకముందే రెండు మూడు పక్షులు మెట్ల రెయిలింగు మీదికి చేరతాయి. పదకొండింటికి ఉద్యోగులు విరామానికి బయటికొస్తారు. ఆదివారం చూస్తే రెయిలింగు ఖాళీ. వీటికి వారాలు కూడా తెలుసా?

వీటిని ఊళ్లోకి రప్పించింది మన చెత్తేనని, చెత్త కట్టడి చేస్తే తిరిగి సముద్రానికి పోతాయని మా భవన సంఘం వాళ్ల వాదన. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

కొంగముక్కు (సోమవారం, ఉదయం 8:03)

రేవుగాలి గారూ, స్వాగతం. వారాలు తెలుసో లేదో గానీ గడియారం మాత్రం తెలుసు.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విశ్వవిద్యాలయం వాళ్లు 12 లెసర్ బ్లాక్-బ్యాక్డ్ గల్స్‌కి (హెర్రింగ్ గల్‌కి దగ్గరి చుట్టమే, వీపు నలుపు) చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి, అవి ఎప్పుడు ఎక్కడికి పోతున్నాయో చూశారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. చూసిన చోట్లు మూడు: ఒక బడి, ఒక చెత్త సేకరణ కేంద్రం, ఒక పార్కు. బడి దగ్గరికి సరిగ్గా విరామాల వేళకి చేరేవి. చెత్త కేంద్రం దగ్గర దాని తెరిచే, మూసే వేళల్ని పట్టి తిరిగేవి. పార్కులో మాత్రం మనుషులతో నిమిత్తం లేదు. పొద్దున్నే, వానపాములు పురుగులు దొరికే సమయానికి వెళ్లేవి.

అంటే ఒకే పక్షి మూడు చోట్లకి మూడు వేళాపట్టికలు బుర్రలో పెట్టుకుని తిరుగుతోంది. మీ రెయిలింగు పక్షులు చేస్తున్నదీ అదే.

---

లెక్కలమాస్టారు (సోమవారం, ఉదయం 9:20)

ఒక సందేహం. "నాలుగేళ్లుగా అదే జంట" అన్నారు. కాళ్లకి ఉంగరాలున్నాయా? లేకపోతే అదే జంట అని ఎలా తేల్చారు?

---

రేవుగాలి (సోమవారం, ఉదయం 9:31)

మాస్టారూ, ఒకదానికి ఎడమ పాదం లేదు. వల దారమేదో చుట్టుకుని తెగినట్టుంది. రెండోది అదేనా కాదా అంటే చెప్పలేను, అక్కడ మీరన్నదే నిజం.

---

లెక్కలమాస్టారు (సోమవారం, ఉదయం 9:58)

ఒంటికాలి సాక్ష్యం చాలు. ఒప్పుకున్నాను. ఈ జాతి ఇరవై ఏళ్లు దాటి కూడా బతకగలదు కాబట్టి ఇంకో పదేళ్లు మీకు తోడుండొచ్చు.

అసలు విషయానికొస్తే, నా ఓటు మీ సంఘం వాళ్లకే. చరిత్ర చూడండి. బ్రిటన్‌లో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇళ్ల మీద గూళ్లు ఎక్కడో ఒకటీ అరా. సంఖ్య ఎగబాకింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. బ్రిస్టల్‌కి 1972లో గానీ చేరలేదు. మధ్యలో ఏం జరిగింది? 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చింది. అంతకుముందు డంపింగ్ యార్డుల్లో చెత్తని తగలబెట్టేవాళ్లు. చట్టం వచ్చాక కాల్చడం ఆగి, తినదగ్గ చెత్త గుట్టలుగా బయటే పడి ఉండేది. ఊరి గల్స్‌ని దశాబ్దాల తరబడి లెక్కపెట్టిన పీటర్ రాక్ లాంటివాళ్లు ఈ ముడి విప్పి చూపిస్తారు. పొగ ఆపితే పక్షి పెరిగింది. కారణం తిండే.

---

పిట్టగోడ (సోమవారం, మధ్యాహ్నం 1:15)

నేను కప్పుల మీద పనిచేసేటోణ్ణి. లీకులు చూసుడు, తారు పొర వేసుడు, వానకాలం ముందు గొట్టాలు సాఫ్ చేసుడు. పుస్తకాల ముచ్చట నాకు తెల్వదు గానీ గూళ్లు ఎక్కడ ఉంటయో చెప్పమంటే నిచ్చెన ఎక్కకముందే చెప్తా.

నున్నటి రేకుల మీద ఉండవు, జారుతయ్. కంకర పరిచిన చదును కప్పు మీద ఉంటయ్. ఏదో ఒకదానికి ఆనుకొని ఉంటయ్: పొగగొట్టం, ఏసీ డబ్బా, పిట్టగోడ మూల. గాలి సూటిగా కొట్టొద్దు, చుట్టూ మాత్రం కనబడాలె. ఎవ్వరూ ఎక్కని కప్పు అయితే ఇంకా మంచిది. కింద వంటిల్లు ఉన్నదా, చెత్తడబ్బా ఉన్నదా అనేది నేను చూసిన కాడ లెక్కలోకి రాలేదు. గోదాముల మీద, చుట్టూ తినేది ఏమీ లేని కాడ, వరుసగా గూళ్లు చూసిన.

మాస్టారూ, తిండికి పోయే చోటు వేరు, కాపురం పెట్టే చోటు వేరు. మనం మాత్రం ఆఫీసు పక్కనే ఇల్లు కట్టుకుంటున్నమా?

(అవును, నా పేరు పిట్టగోడే. గోడకి ఆ పేరు పెట్టి, పిట్టొచ్చి కూసుంటే కేకలేసేటోళ్లని చూస్తే నవ్వొస్తది.)

---

వానచినుకు (సోమవారం, సాయంత్రం 6:40)

పిట్టగోడ అన్నా, మీ మాటకి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు: కిట్టివేక్.

ఇది కూడా గల్ జాతే. కాకపోతే నిఖార్సయిన సముద్రపు పిట్ట. చెత్తకుండీ వైపు కన్నెత్తి చూడదు, మీ చేతిలో ఏముందో దానికి అక్కర్లేదు. సముద్రంలో దొరికే చిన్న చేపలే దాని తిండి. అలాంటిది ఇంగ్లండు ఈశాన్యంలో టైన్ నది మీదున్న న్యూకాసిల్, గేట్స్‌హెడ్ పట్టణాల నడిబొడ్డున వెయ్యికి పైగా జతలు గూళ్లు పెడతాయి. సముద్రం నుంచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి! కిట్టివేక్‌లు ఇంత లోపలికి వచ్చి గూడు కట్టే చోటు ప్రపంచంలో ఇంకోటి లేదంటారు. 1928లో తెరిచిన టైన్ వంతెన ఉక్కు దూలాల మీద, రాతి స్తంభాల అంచుల మీద అంగుళం వదలవు.

మొదట నది ముఖద్వారం దగ్గర నార్త్ షీల్డ్స్‌లో ఒక గోదాము కిటికీ గట్ల మీద మొదలుపెట్టాయి. జాన్ కౌల్సన్ అనే జీవశాస్త్రవేత్త 1954 నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఆ గోదాము పక్షుల్నే చదివాడు. ఏ పిట్ట ఎవరితో జోడు కట్టింది, ఎవరిని వదిలేసింది, మొత్తం చరిత్ర రాసిపెట్టాడు. తర్వాత అవి ఎగువకి జరిగి బాల్టిక్ పిండిమర గోడలెక్కాయి. ఆ మర మూతపడి, ఆర్ట్ గ్యాలరీగా మారి 2002లో తెరుచుకుంది. ఆ పనులప్పుడు పక్షుల కోసం ప్రత్యేకంగా ఒక టవరు కట్టారు, ఇప్పుడది దిగువన సాల్ట్‌మెడోస్‌లో ఉంది. కొన్ని అక్కడికి పోయాయి, మిగతావి వంతెననీ పక్క భవనాల్నీ పట్టుకున్నాయి.

తిండి ఒక్కటే కారణమైతే ఈ పిట్టలకి ఊళ్లో ఏం పని? రోజూ నది వెంట సముద్రానికి పోయి చేప పట్టుకుని వెనక్కి రావాలి. అయినా వస్తున్నాయంటే వాటి కంటికి అది ఊరు కాదు. నిలువుగోడ, సన్నటి గట్టు, నక్క ఎక్కలేని ఎత్తు. అంతే.

---

కొంగముక్కు (సోమవారం, రాత్రి 9:05)

కిట్టివేక్‌కీ హెర్రింగ్ గల్‌కీ ఉన్న ఈ తేడా పట్టుకుంటే సగం చర్చ తేలిపోతుంది. ఒకటి మన కట్టడాన్ని మాత్రమే వాడుకుంటుంది. ఇంకోటి కట్టడాన్నీ కంచాన్నీ రెండిట్నీ వాడుకుంటుంది.

నక్క మాట వచ్చింది కాబట్టి బెల్జియంలోని జీబ్రుగె రేవు సంగతి. 1980ల్లో రేవుని విస్తరించినప్పుడు సముద్రంలోంచి ఇసుక తోడి పెద్ద పెద్ద ఖాళీ మైదానాలు చదును చేశారు. మనిషి అడుగు పెట్టడు, చెట్టు లేదు, నక్క లేదు. గల్స్, టెర్న్‌లు (గల్స్‌కి చుట్టాలైన సన్నటి సముద్రపు పక్షులు) వేలల్లో వచ్చి దిగాయి. తర్వాత ఆ స్థలాల్లో కట్టడాలు లేచాయి, మిగిలిన చోటికి నక్కలు చేరాయి. నేల మీది గూళ్లు దెబ్బతినగానే గల్స్ గోదాముల కప్పులు, చుట్టుపక్కల ఊళ్ల డాబాలు ఎక్కాయి. పిలిచి పీట వేసిందీ మనమే, కాలి కింద పీట లాగిందీ మనమే.

---

లెక్కలమాస్టారు (మంగళవారం, ఉదయం 6:50)

రాత్రంతా కిట్టివేక్ గురించే ఆలోచించాను. బాగా చెప్పారు వానచినుకు గారూ. కానీ అది ఒక్క జాతి కథ. ఊళ్లలో గొడవంతా హెర్రింగ్ గల్, బ్లాక్-బ్యాక్డ్ గల్, మధ్యధరా తీరంలో పసుపుకాళ్ల గల్‌తోనే కదా. వాటిని తిండి నుంచి విడదీయలేరు. డంపింగ్ యార్డు లేకపోతే ఆ సంఖ్యే ఉండదు, సంఖ్య లేకపోతే కప్పులెక్కే అవసరమే రాదు.

---

అలలచప్పుడు (మంగళవారం, ఉదయం 10:22)

మాస్టారూ, రోమ్ కథ వినండి, మీ వాదానికి సగం బలం, సగం గండి.

1971లో గాయపడిన పసుపుకాళ్ల గల్ ఒకదాన్ని ఫుల్కో ప్రాటెసి రోమ్ జంతు ప్రదర్శనశాలకి అప్పగించాడు. ఇటలీలో ప్రకృతి సంరక్షణ అనగానే వినిపించే పేరు ఆయనది. ఆ పక్షి అక్కడే జోడు కట్టి గూడు పెట్టింది, నగరంలో వీటి సంతతి అలా మొదలైందని చెప్పుకుంటారు. తర్వాత ఊరి బయట మాలగ్రొత్తా అనే అతిపెద్ద డంపింగ్ యార్డు వాటిని మేపింది. ఇక్కడిదాకా మీరే గెలిచారు. 2013లో ఆ యార్డు మూసేశారు. గల్స్ సముద్రానికి పోయాయా? లేదు. నగరం నడిమధ్య పొంగిపొర్లే చెత్తకుండీల దగ్గర, పురాతన శిథిలాల మీద దర్జాగా తిరుగుతూనే ఉన్నాయి. పావురాల్ని కూడా పట్టి తింటాయి.

వెనిస్ ఇంకో రకం. అక్కడ ఇళ్ల ముందు చెత్తసంచులు పెట్టే అలవాటు మాన్పించి, మనిషి వచ్చి చేతికి తీసుకునే పద్ధతి పెట్టారు. వీధుల్లో సంచులు చించే గల్స్ తగ్గాయి. కప్పుల మీది గూళ్లు మాత్రం వెంటనే మాయం కాలేదు.

నాకు అర్థమైనంతవరకు, తిండి కట్టేస్తే పక్షి మేత మార్చుకుంటుంది గానీ గూడు మార్చుకోదు. కనీసం వెంటనే మార్చుకోదు.

---

రేవుగాలి (మంగళవారం, ఉదయం 11:08)

ఇప్పుడే చూసొచ్చాను. 10:52కి ఒంటికాలిది రెయిలింగు మీద హాజరు. 11:00కి తలుపు తెరుచుకుంది. ఎవరూ ఏమీ వెయ్యలేదు, 11:20కి వెళ్లిపోయింది. కుంటుతూ అయినా ఎంత క్రమశిక్షణ!

---

చిన్నోడు (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

ఇంత చర్చ దేనికి సార్? గుడ్లు పెట్టగానే తీసి పారేస్తే సరి. రెండేళ్లు చేస్తే అవే పోతాయి. పోయిన జూన్‌లో నా నెత్తి మీద తన్ని పోయింది ఒకటి. రక్తం వచ్చింది. ఇక్కడ అందరూ వాటికి వకీళ్లు అయిపోయారు.

---

పిట్టగోడ (మంగళవారం, మధ్యాహ్నం 1:02)

తమ్మీ, నెత్తి మీద తన్నులు నేను ఎన్ని తిన్ననో లెక్కలేదు. హెల్మెట్ లేకుంటే జూన్‌ల కప్పు ఎక్కను. కానీ ఒకటి జూడు, నువ్వు నడిచిన తావుల పిల్ల కిందపడి ఉంటది. కప్పు మీంచి జారిన పిల్ల నేల మీద తిరుగుతుంటే తల్లీతండ్రీ పైనుంచి కాపలా కాస్తయ్. పిల్లకి రెక్కలు రాంగనే ఆ తన్నుడు బంద్. ఆ పదిహేను రోజులు ఆ సందు తప్పించుకొని పోతే అయిపాయె.

గుడ్లు తీసుడు చూసిన. తీసిన కప్పు మీద మళ్లీ పెట్టినయ్. మళ్లీ తీస్తే పక్క కప్పుకి పోయినయ్. ఒక్క కప్పు పంచాయితీ రెండు కప్పులకి అంటుకున్నది.

ఇగ వల కట్టుడు. ఒక పెద్ద భవనపోళ్లు, పేరెందుకులే, ఒకసారి వల కట్టించి మళ్లీ అటు దిక్కు చూడలే. రెండేళ్లకి చిరిగింది. చిరుగులకెళ్లి లోపలికి దూరిన పక్షి బయటికి రాలే. నేను పోయేసరికి ఎండిపోయి వేలాడుతున్నది. ఆ పొద్దు నాకు బువ్వ సహించలే.

---

నిర్వాహకుడు (మంగళవారం, మధ్యాహ్నం 1:40)

చిన్నోడు గారూ, దెబ్బ తగిలినందుకు విచారిస్తున్నాం. కోపం అర్థమవుతుంది. గూళ్లు, గుడ్లు పాడుచేయమని సలహాలివ్వడం మాత్రం ఇక్కడ వద్దు. చాలా దేశాల్లో అది నేరం. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పక్షులకీ వాటి గూళ్లకీ గుడ్లకీ రక్షణ ఉంది. అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. చర్చ కొనసాగించండి.

---

వానచినుకు (మంగళవారం, సాయంత్రం 5:15)

చిన్నోడు అడిగినదానికి చట్టం పక్కనబెట్టి కూడా జవాబుంది. స్కాట్లండు తీరంలో ఐల్ ఆఫ్ మే అనే చిన్న దీవి ఉంది. అక్కడ హెర్రింగ్ గల్స్ విపరీతంగా పెరిగి టెర్న్‌లకి చోటు లేకుండా పోయిందని 1972లో వాటిని చంపడం మొదలుపెట్టారు. వేలల్లో చంపారు. దీవి మీద సంఖ్య పడిపోయింది, అది నిజం. కానీ తొలిసారి గూడు పెట్టడానికి చోటు వెతుక్కునే కుర్ర పక్షులు ఆ అలజడి చూసి వేరే తావులకి మళ్లాయి. పెద్ద పక్షి పాత చోటు వదలదు, చిన్న పక్షి గొడవ ఉన్న చోటికి రాదు. పొమ్మనలేక పొగబెడితే పొగ పక్కింటికి కూడా పోతుంది కదా.

అసలు కీలకం ఆ కుర్ర పక్షుల దగ్గరే ఉంది. మూడు నుంచి ఐదేళ్ల వయసొచ్చేదాకా ఇవి గూడు పెట్టవు. అప్పటిదాకా తిరుగుతూ, చూస్తూ, ఎక్కడ పిల్లలు బాగా బతుకుతున్నాయో గమనిస్తూ ఉంటాయి. చాలావరకు పుట్టిన చోటి దగ్గరికే తిరిగొస్తాయి. కప్పు మీద కళ్లు తెరిచిన పిల్లకి కప్పే కొండ.

---

కొంగముక్కు (మంగళవారం, రాత్రి 8:30)

దానికి తోడు కప్పు మీద పుట్టిన పిల్లలు ఎక్కువ బతుకుతాయి. ప్యాట్ మొనాహన్ అనే శాస్త్రవేత్త 1970ల్లోనే ఇంగ్లండు ఈశాన్యంలోని సండర్లాండ్, సౌత్ షీల్డ్స్ పట్టణాల కప్పుల మీద గూళ్లు చూసి ఈ సంగతి గుర్తించారు. తీరంలో గుంపుగా ఉండే చోట పిల్ల నాలుగడుగులు పక్కకి వేస్తే పక్కింటి గల్ పొడిచి చంపుతుంది, తినేస్తుంది కూడా. ఊళ్లో ఒక్కో కప్పుకి ఒకటో రెండో గూళ్లు. ఇరుగుపొరుగు పోరు లేదు. మధ్యలో వీధి అనే కందకం ఒకటి. పైగా ఊరు చుట్టుపక్కలకన్నా కొన్ని డిగ్రీలు వెచ్చన, రాత్రి దీపాల వెలుగులో కూడా మేత దొరుకుతుంది.

---

లెక్కలమాస్టారు (మంగళవారం, రాత్రి 9:14)

సరే, ఒక మెట్టు దిగుతున్నాను. ఊరికి రప్పించింది తిండి, ఊళ్లో కట్టిపడేసింది కప్పు. ఇలా అంటే ఒప్పుకుంటారా?

---

వానచినుకు (మంగళవారం, రాత్రి 9:33)

ముప్పాతిక వంతు ఒప్పుకుంటాను మాస్టారూ. మిగతా పావు వంతు ఏమిటంటే, మీ లెక్కలో సముద్రం లేదు. ఊరు లాగినదాంతో పాటు తీరం తోసేసింది కూడా ఉంది. బ్రిటన్‌లో హెర్రింగ్ గల్ 2009 నుంచి అపాయంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో ఉంది! ఊళ్లో చూసి "అబ్బో ఎన్ని పెరిగాయో" అనుకుంటాం, సహజ తావుల్లో అది చిక్కిపోతూ వచ్చింది.

ఎన్నో కారణాలు. పడవలవాళ్లు అక్కర్లేని చేపల్ని సముద్రంలోకి విసిరేసేవాళ్లు, గల్స్‌కి అదో పెద్ద మేత. యూరప్‌లో 2015 నుంచి 2019 మధ్య అంచెలంచెలుగా ఆ పద్ధతిని నిషేధించారు. చేపల నిల్వలకి అది మంచిదే, గల్స్‌కి కంచంలో కోత. 1999 నాటి యూరప్ చెత్త ఆదేశం వల్ల కుళ్లే వ్యర్థాలు యార్డులకి చేరడం తగ్గింది. అంటే మాస్టారు చెప్పిన గుట్టలు కూడా కరుగుతున్నాయి. అయినా కప్పుల మీది గూళ్లు ఉన్నాయి.

రేవుగాలి గారి ఆదివారం వింతకి ఇంకో తోడు: ఉత్తర సముద్రంలో పడవలు వారాంతం రేవుకి చేరితే, నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ దీవి బ్లాక్-బ్యాక్డ్ గల్స్ సముద్రం మీదికి వెళ్లడం కూడా తగ్గుతుందని వాటికి కట్టిన ట్రాకర్లు చూపించాయి. వారాలు వాటికి మనమే నేర్పాం.

---

అలలచప్పుడు (మంగళవారం, రాత్రి 10:10)

గల్స్ దాటి ఒక్కసారి బయటికి రండి, విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది.

మెల్‌బోర్న్‌లో సెయింట్ కిల్డా దగ్గర 1956 ఒలింపిక్స్ పడవపందేల కోసం సముద్రంలోకి రాళ్ల అడ్డుకట్ట వేశారు. 1974లో చూస్తే ఆ బండల సందుల్లో చిట్టి పెంగ్విన్‌లు గుడ్లు పెట్టాయి. మహానగరం దీపాలు ఎదురుగా, పెంగ్విన్ సందులో. దక్షిణాఫ్రికాలో సైమన్స్ టౌన్ దగ్గర బౌల్డర్స్ బీచ్‌కి 1982లో రెండు జతల ఆఫ్రికన్ పెంగ్విన్‌లు వచ్చాయి. చూస్తుండగానే వేలయ్యాయి. ఆ అఖాతంలో పెద్ద వలలతో చేపలు తోడేయడం తగ్గడం కూడా వాటికి కలిసొచ్చింది. జర్మనీ విల్‌హెల్మ్స్‌హావెన్‌లో కామన్ టెర్న్‌లు పాత రేవు నీళ్లలోని కాంక్రీటు దిమ్మెల మీద గూళ్లు పెడతాయి. 1980ల నుంచి శాస్త్రవేత్తలు వాటిని ఏటా చూస్తున్నారు.

పెంగ్విన్‌కి చెత్తతో పనేముంది మాస్టారూ?

---

పిట్టగోడ (బుధవారం, ఉదయం 6:15)

పనికి పోయే ముందు ఒక్క ముచ్చట. కప్పు సామాను మారితే పిట్ట కూడా మారుతది. కంకర కప్పులు తగ్గుతున్నయ్. ఇప్పుడంతా నున్నటి ప్లాస్టిక్ పొర. దాని మీద గుడ్డు దొర్లిపోతది, ఎండకి కాలిపోతది. దీని మీద ఎవరన్న చదివిన్రా?

---

కొంగముక్కు (బుధవారం, ఉదయం 7:48)

చదివాను. అమెరికాలో ఫ్లోరిడా ఉంది కదా, అక్కడ లీస్ట్ టెర్న్ అనే చిన్న పక్షి బీచ్ ఇసుక మీద గుడ్లు పెట్టేది. బీచ్‌లని హోటళ్లు, జనం, కుక్కలు ఆక్రమించాక అది దుకాణాల కంకర కప్పులెక్కింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో వీటి గూళ్లలో ఎక్కువ భాగం కప్పుల మీదే. తుఫాను గాలులకి కంకర ఎగిరి అద్దాలు పగలగొడుతోందని, కొత్త కప్పులకి కంకర మానేస్తున్నారు. ఇంజినీరుకి అది గాలి లెక్క, ఆ పక్షికి ఊరే ఖాళీ చేయించినట్టు. తిండితో నిమిత్తం లేకుండా ఒక్క కప్పు పొర మారితే ఒక జాతి ఎక్కడ బతకాలో మారిపోతోంది. పిట్టగోడ గారూ, నేను చదివి తెలుసుకున్నది మీరు నిచ్చెనెక్కి చూశారు.

---

చిన్నోడు (బుధవారం, ఉదయం 9:00)

సరే సార్, గుడ్ల మాట వెనక్కి తీసుకున్నా. మరి చేతిలోది లాక్కోకుండా ఏం చెయ్యాలి? అదన్నా చెప్పండి.

---

అలలచప్పుడు (బుధవారం, ఉదయం 9:26)

కళ్లల్లోకి చూడు తమ్ముడూ. నవ్వులాటకి కాదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో మడలిన్ గౌమస్ బృందం 2019లో అచ్చేసిన ప్రయోగం ఇది. నేల మీద తినుబండారం సంచి పెట్టి, మనిషి పక్షినే చూస్తూ ఉంటే ఒకలా, ముఖం తిప్పుకుంటే ఇంకోలా లెక్కపెట్టారు. చూస్తూ ఉన్నప్పుడు సంచి దగ్గరికి రావడానికి సగటున 21 సెకన్లు ఎక్కువ పట్టింది. ఇంకో సంగతి: 74 గల్స్‌తో ప్రయత్నిస్తే సంచి దాకా వచ్చినవి 27 మాత్రమే. మిగతావి బెదిరిపోయాయి, లేదా అసలు దగ్గరికే రాలేదు. దొంగలు కొద్దిమందే, చెడ్డపేరు ఊరందరికీ.

---

చిన్నోడు (బుధవారం, ఉదయం 9:41)

రెండు చేతులా తినుకుంటూ కళ్లల్లోకి చూడాలన్నమాట. పక్కన జనం ఏమనుకుంటారో 😀

---

లెక్కలమాస్టారు (బుధవారం, మధ్యాహ్నం 2:05)

పెంగ్విన్ దెబ్బకి కోలుకున్నాను. నా లెక్క సవరించి రాస్తున్నాను, తప్పుంటే కొట్టేయండి. తిండి వల్ల ఎన్ని పక్షులు బతకగలవో తేలుతుంది. ఎక్కడ కాపురం పెడతాయో తేల్చేది భద్రత. డంపింగ్ యార్డు పది ఊళ్ల అవతల ఉన్నా గల్‌కి ఫరవాలేదు, ఎగిరి పోయొస్తుంది. జీబ్రుగె తీరం నుంచి దేశం లోపలున్న ఆలుచిప్స్ కర్మాగారం దాకా పోయొచ్చిన గల్స్ ఉన్నాయట, ట్రాకర్లో దొరికాయి. అలాంటి రెక్కలున్నదానికి మా వీధి చివర చెత్తకుండీ మూత వేస్తే ఎంత, వెయ్యకపోతే ఎంత!

అయితే రేవుగాలి గారి సంఘం వాళ్లు పూర్తిగా తప్పు కూడా కాదు. మూత వేస్తే రెయిలింగు మీద హాజరు తగ్గుతుంది. కప్పు మీద గూడు ఉంటుంది.

---

రేవుగాలి (శనివారం, ఉదయం 8:20)

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి చివరి రెండు వాక్యాలు సంఘం సమావేశంలో చదివి వినిపించాను. చెత్తకుండీకి మూత వేయడానికి ఒప్పుకున్నారు, గూటి జోలికి పోమన్నారు.

ఇంతలో ఇంకో చిక్కు. ఎదురు భవనానికి కప్పు మారుస్తున్నారట. కంకర తీసి తెల్లటి పొర వేస్తారని వాచ్‌మన్ చెప్పాడు. సోమవారం పని మొదలు. గూట్లో రెండు పిల్లలున్నాయి, బూడిదరంగు నూగు, ఇంకా రెక్కలు రాలేదు. ఒంటికాలిది పిట్టగోడ మీద నిలబడి నిచ్చెనల లారీ వచ్చినప్పటి నుంచి అరుస్తూనే ఉంది.

---

పిట్టగోడ (శనివారం, ఉదయం 8:34)

అన్నా, ఇయ్యాలే పోయి మేస్త్రీతో మాట్లాడు. సోమవారం దాకా ఆగకు. గూడున్న మూల వదిలేసి అటు పక్క నుంచి మొదలుపెట్టమను. పెద్ద కప్పు కదా, ఆ చివర పని ఒడిసేసరికి పిల్లలు ఎగురుతయ్. గుడ్డు పగిలినంక ఐదారు వారాలు, అంతే. గూడు ఉండంగ ముట్టుకుంటే చట్టం పంచాయితీ అయితదని కూడా చెప్పు, అది జల్ది ఎక్కుతది. మేస్త్రీకి హెల్మెట్ పెట్టుకొమ్మను, మర్చిపోకు.

---

రేవుగాలి (శనివారం, మధ్యాహ్నం 12:50)

వెళ్లొచ్చాను. మేస్త్రీ పెద్దాయన, ముందు నవ్వాడు. పైకి తీసుకెళ్లి చూపిస్తానన్నాడు. ఇద్దరం ఎక్కాం. నిచ్చెన దాటి తల పెట్టామో లేదో ఒంటికాలిది ఆయన టోపీ ఎగరగొట్టింది. కిందికి దిగి, "తూర్పు వైపు నుంచి మొదలుపెడతాంలెండి" అన్నాడు.